కసువు దిబ్బ ఎక్కిన అక్క

నా కూతురు భార్గవి పెళ్ళిలో మా అక్క నాగసుబ్బమ్మ విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. రెండు ముద్దలు తిన్నది, చెయ్యి కడుక్కున్నది, పులివెందుల బస్సెక్కింది. మా పక్క పెళ్ళింట్లో సగం విస్తరి వదిలి లేవడమంటే ముఖాన ఉమ్మేసినట్టే. పదేళ్లు దాటినా మళ్ళీ మా గడప తొక్కలేదు. ఎందుకు లేచిందో అడగక్కర్లేదు. ప్రొద్దుటూరు మొత్తం ఊడ్చి పోసే కసువు దిబ్బ మా ఇంటి వెనకాలే ఉండేది. ఆ రోజు షామియానా కింద మనుషుల కన్నా ఈగలే ఎక్కువ. పాయసంలో పడ్డ ఈగను నేనూ చూశాను. అయినా సొంత అక్క, కళ్ళు మూసుకుని మింగకూడదా?

ఇప్పుడా దిబ్బ పార్కయింది. మొన్న అక్క పట్టుచీరలు కొనడానికి ప్రొద్దుటూరొచ్చిందని తెలిసి, బట్టల అంగట్లోకే పోయి చెయ్యి పట్టుకున్నాను. ఇంటికి మాత్రం పిలవలేదు. రానంటే ఈ జన్మకిక మాటలుండవని నాకు తెలుసు. ముందు పార్కు చూపిస్తాను, చూసి తనంతట తనే ఇంటికొస్తానంటే సరి, లేదంటే ఈ అక్కతో నాకు చెల్లు అనుకున్నాను.

కొత్త పార్కు చూసొద్దాం రమ్మంటే అక్క ఆటో ఎక్కింది. పార్కు గేటు దగ్గరికి రాగానే ఇద్దరమూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాం. ఆటో తోలే మా వీధి మెహతాబ్ పగలబడి నవ్వాడు.

"ఇంగా యాడిది పెద్దమ్మా కంపు! ఈ మలుపు తిరిగితే మా వీధోళ్ళంతా ఇట్లనే చేస్తారు. చెయ్యి దానంతట అదే పోతాది."

సిగ్గుపడి కొంగులు దించాం. తడిసిన గడ్డి వాసన తప్ప ఏమీ లేదు.

ఆ పార్కు చెక్కినవాళ్ళ చేతులకు దండం పెట్టాలి. దిబ్బను ఎత్తి పారెయ్యలేదు, అక్కడే మట్టి కప్పి, గండికోట లోయ గోడల్లాగా అంచులంచులుగా మలిచారు. ఒక అంచు మీద గడ్డి, ఒక అంచు మీద నల్ల నాపరాళ్ళు, మధ్యలో మెల్లగా పైకెక్కే బాట. పగిలిన గాజులు, పింగాణీ పెంకులు అతికి గోడంతా నెమళ్ళు చేశారు. పాత లారీల ఇనుముతో చేసిన ఎద్దు ఒకటుంది, రంకె వేస్తుందేమో అనిపిస్తుంది.

"ఏమ్మే, ఇది ఆ దిబ్బేనా? నిజం చెప్పు!" అంది అక్క.

"కాకపోతే కొండనేమన్నా మోసుకొచ్చినారా?"

"అబ్బ, శానా బాగుండాదే! ఈ ఎద్దు పక్కటెముకలు చూడు, లారీ కమాను పట్టీలు గదా ఇవి!" అని ఎద్దు కడుపు నిమిరింది. నెమళ్ళ ముందు నిలబడింది. గడ్డి మీద దొర్లే పిల్లలను చూసి నవ్వింది. ఇనుప ఎద్దునైనా పలకరిస్తుంది గానీ మా ఇంటి ఊసెత్తదే!

పైకి చేరాం. ఒక పక్క పెన్న ఇసుక, దూరంగా ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, సరిగ్గా కిందనే మా మిద్దె. అక్క దానివైపు చూసి చటుక్కున ముఖం తిప్పుకుంది. ఇక నా వల్ల కాలేదు.

"ఈగ పడిన పాయసానికి చెల్లెల్నే వదులుకుంటివి గదే! ఇప్పుడు యెతుకు, ఒక్క ఈగన్నా ఉండాదేమో చూపీ!"

అక్క అక్కడే బండ మీద కూలబడింది.

"ఈగల కోసం లేచినాననుకుంటివా ఈశ్వరీ? నిన్ను ఈ ఇంటికియ్యమని నాయన దగ్గర పోరు పెట్టింది నేను. నేనొచ్చి ఇల్లు చూసిన పొద్దు గాలి అటు తిరిగుండె, కంపు తెలీలా. దిబ్బ కనపడినా, యాడనో దూరంగా ఉండాదిలే అనుకుంటి. అది ఏడాదికేడాది మీ గోడ దాకా వచ్చె. పెళ్ళిలో నువ్వు ఒక చేత్తో ఈగలు తోలుకుంటా, ఇంగో చేత్తో నాకు వడ్డిస్తాంటే, నా చెల్లెల్ని తెచ్చి కసువులో యేసినానే అని ముద్ద గొంతు దిగలా. మళ్ళా ఏ మొగం పెట్టుకోని వచ్చేది?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. భోరుమని ఏడ్చాను.

"నీ నోట్లో మన్ను బడా! ఆ ముక్క ఆ పొద్దే చెప్పి సావకూడదా? దిబ్బ నువ్వు పోసినావా యేంది, ఊరు పోసింది. నా మొగుడు మంచోడు, నా బిడ్డ మంచిది. నేను ఈ ఇంట్లో సుఖంగా ఉండానా లేదా అని ఒక్కసారన్నా అడిగింటివా?"

అక్క కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఆకలైతాంది. ఇంటికి పోదాం పా."

రాదనే నమ్మకంతో నేను మధ్యాహ్నం పొయ్యే ముట్టించలేదు!

"పొద్దుటి సంగటి తప్ప ఏం లేదక్కా."

"అదే పెట్టు."

ఇంటికొచ్చి అప్పటికప్పుడు చెనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరాను. అక్క వంటింట్లోనే గోడకానుకుని కూర్చుంది. చల్లారిన సంగటి విరిచి, అద్దుకుని, ముద్ద మింగింది. ఇంకో ముద్ద మింగింది. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను.

"ఉప్పెక్కువాయ గదే," అని వంక పెడుతూనే, ఖాళీ అయిన సంగటి తట్ట ముందుకు చాపింది.