మూడు ముక్కల బొమ్మ

బస్తరు అడవుల్లోని కిరండూల్ రైల్వే క్వార్టర్లో ఉండే ఎర్రమ్మ హాలు గోడకని ఆన్‌లైన్లో ఒక బొమ్మ తెప్పించింది. మనిషీ చెట్టూ లేని వట్టి రంగుల బొమ్మ. కాన్వాసు మీద అచ్చేసి, ఫ్రేములు బిగించిన మూడు ముక్కలు. పక్కపక్కన తగిలిస్తే ఒక ఎర్రటి చార మొదటి ముక్కలో పుట్టి మూడోదాకా సాగుతుంది. కొరియర్ వాళ్లు గీదం ఊరు దాటి అడవిలోకి రామన్నారు. గూడ్సు బండి నడిపే భర్త నూకరాజు, డ్యూటీ లేని రోజు వెళ్లి తెచ్చాడు.

తెచ్చింది రెండే. మధ్యది లేదు. కంపెనీ వాళ్లే పంపలేదేమో అనేసి ఆయన స్నానానికి వెళ్లిపోయాడు. పెట్టె మీద మూడని రాసే ఉంది. ఎవరో విప్పి మళ్లీ తాడుతో కట్టారు. పైగా పొద్దున పదింటికి పెట్టె అందుకున్న మనిషి సాయంత్రం ఆరింటికిగాని ఇల్లు చేరలేదు. కంపెనీకి ఫోను చేస్తానంటే వద్దన్నాడు.

ఎర్రమ్మ మనసును అనుమానం పురుగులా తొలవసాగింది. ఆయనకు తెలిసిన నర్సమ్మ అనే ఆవిడ గీదంలో కొత్తిల్లు కట్టిందని పక్కింటి పోలమ్మ ఎప్పుడో అంది. కొత్తింటికి గోడలుంటాయి గదా. రెండ్రోజులకు ఆయన ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్లి మాట్లాడాడు. ఆయన డ్యూటీకెళ్లాక చొక్కా జేబు వెతికితే ఒక చీటీ దొరికింది: వెంకన్న, ఫొటో ఫ్రేములు, గీదం. ఆమె వెంటనే బస్సెక్కింది.

మధ్య ముక్క వెంకన్న దుకాణంలోనే ఉంది. ఈ మూల నుంచి ఆ మూలకు చిరిగిపోతే, వెనక గుడ్డ అతికించి ఆరబెట్టాడు.

"సార్ చెప్పలేదా ఏంది అక్కా?" అన్నాడు వెంకన్న. "చెక్‌పోస్టు కాడ పోలీసోళ్లు ఆపిండ్రంట. ఇది నక్సలైట్లకు పంపే అడివి నక్షా అన్నరంట. లోపల ఏమన్న దాచిండేమోనని కత్తితోని చీరిండ్రు. మూడు గంటలు కింద కూసోబెట్టిండ్రంట. మళ్ల ఎనక్కొచ్చి నాకిచ్చిపోయిండు."

నూకరాజు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ ముక్క గోడకు ఆనించి ఉంది. చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు సెప్పకూడదేటండీ?"

"ఏటని సెప్పనే? ఇరవయ్యేళ్లుగా ఇదే లైన్లో బండి తోల్తన్నాను. కార్డు సూపించినా నమ్మలేదు. బొమ్మకి అర్థమేటని అడిగారు. తెల్దన్నాను. తెల్దంటే ఎందుకు కొన్నావన్నారు."

ఎర్రమ్మ నర్సమ్మ సంగతి ఆయనతో ఎన్నడూ అనలేదు.

ఆదివారం మూడింటినీ తగిలించారు. వెంకన్న అద్దిన ఎరుపు పక్కవాటితో కలవలేదు. ఇంటికొచ్చినవాళ్లు అదేం బొమ్మ అని అడిగితే, ఆమె నోరు విప్పేలోపే నూకరాజు లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. నెల తిరక్కుండా ఎర్రమ్మే మూడింటినీ దించి, పాత దుప్పటి చుట్టి మంచం కింద పెట్టేసింది.