మామ చెంపకు తగిన రేజరు

సునందకు మామ పాపన్న మీద ఉన్న ఫిర్యాదు ఆయన గడ్డం. ఈ జిల్లాలో విత్తిన వేరుశనగ సగం మొలవదు, ఎంత లోతుకు బోరు దించినా దుమ్ము తప్ప నీళ్లు లేవవు. ఆ మనిషి ముఖం మీద మాత్రం వానతోనూ ఎరువుతోనూ పనిలేకుండా పొద్దున కోస్తే సాయంత్రానికి మళ్లీ పంట. ధర్మవరంలో ఇంత సారవంతమైన నేల ఉన్న సంగతి వ్యవసాయ శాఖకు తెలిస్తే విత్తనాల బస్తాలతో గుమ్మంలో దిగుతారని ఆమె ఓసారి మొగుడితో అంది. వీరేష్ నవ్వలేదు. ఆ ఇంట్లో పెద్దాయన గడ్డం నవ్వులాట కాదు.

పాపన్న వయసంతా గుంతమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేశాడు. చూపు మందగించాక మగ్గం దిగాడు కానీ పని మానలేదు. చుట్టుపక్కల వీధుల్లో ఎవరి మగ్గం మీద నుంచి చీర కోసినా, షాపుకు పోయేముందు ఆయన దగ్గరికి వచ్చేది. ఆయన మడత విప్పి, చీర వెనకవైపును చెంపకు ఆనించి మెల్లగా లాగేవాడు. లేచిన పోగు, సరిగా పడని ముడి, తెగిన జరీ కొస, ఏది ఉన్నా చెంప చెప్పేది. వేళ్లతో చూడొచ్చు కదా అంటే వేళ్లు చాపి చూపించేవాడు. కాయలు కాచిన ఆ వేళ్లు పట్టు మీద పెడితే పట్టుకే ప్రమాదం. ఒంట్లో పాడుకాని పనిముట్టు చెంప ఒక్కటే. అందుకే రోజూ తెల్లారేసరికి దాన్ని నున్నగా గీసి సిద్ధం చేసుకునేవాడు. అదీ తనే. తన గడ్డం ఇంకొకరి చేతికిచ్చే రకం కాదు.

కష్టమంతా గుండెకు స్టెంటు వేశాక మొదలైంది. రక్తం పలచబడే మాత్రలిచ్చారు. పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునే ఆయన పాత రేజరుకు రెక్కలు వదులై, ఒకరోజు బ్లేడు వంకరగా కూర్చుంది. దవడ కింద తెగింది. చిన్న గాటే, కానీ తువ్వాలు తడిసినా నెత్తురు ఆగలేదు. వీరేష్ ముఖం నాయన ముఖం కంటే తెల్లబోయింది. ఆ సాయంత్రమే పాత రేజరును బీరువాలో పెట్టి తాళం వేసి, ట్రిమ్మర్ తెచ్చాడు.

"ఇంగ ఈ ఇంట్లో బ్లేడు కనబడకూడదు నాయనా. ఇదైతే కోసుకోదు."

"కోసుకోదు, కోయనూ కోయదు. గొర్రెకు ఉన్ని తీసేదాన్ని తెచ్చి నాకిచ్చినావు కదరా!"

ట్రిమ్మర్ గడ్డాన్ని కురచ చేసింది, నున్నగా చేయలేదు. పాపన్న చెంప గరుకు కాగితమైంది. ఆ వారంలోనే వెనక వీధి రామాంజులు పెళ్లిచీర తెచ్చాడు. ఎర్రటి చీర, వెడల్పు జరీ అంచు. అతనూ అతని పెళ్లాం హనుమక్కా కంటికి కునుకు లేకుండా నేసిన చీర. పాపన్న చెంపకు ఆనించి లాగాడు. ఆగింది. మళ్లీ లాగాడు. మళ్లీ ఆగింది.

"ఏమప్పా ఇది? చీరంతా పోగులు లేచిండాయి. ఎత్తుకోని పో."

"యాడన్నా? నేను రెండుసార్లు చూసినా కదా!"

"నీ కండ్లు చూసినాయేమో. నా చెంప చెప్తాండాది."

రామాంజులు చీర మడిచాడు. మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చిన సునంద, మామ చెంప మీది తెల్ల ముళ్లకు ఎర్రటి పట్టు నూగు వేలాడుతుండడం చూసింది. తప్పు చీరలో లేదు, మొలకల్లో ఉంది. చెప్పొచ్చు. కానీ నీది తప్పు అని పాపన్నకు చెప్పి బాగుపడిన కోడలు ఆ వంశంలో లేదు. అత్తగారు బతికుండగా ఒకసారి చెప్పబోయి, ఆయన అలిగితే ఆ పండగంతా ఒక్కతే కూర్చుని బొబ్బట్లు తిన్నదట.

ఆ వారం ఇంకో ఇద్దరి చీరలు కూడా వెనక్కి పోయాయి. "ఊరంతా ఒక్కసారే నేత మరిచిపోయినట్టుండారే మామా," అంది సునంద పప్పు వడ్డిస్తూ. పాపన్న ఉరిమి చూశాడు. ఆ చూపులో కోపం కంటే గాభరా ఎక్కువ కనిపించింది. అప్పటినుంచి ఆయనకు కూర్చున్నచోట కాలు నిలవలేదు. అరుగు మీద నుంచి మగ్గం గదికి, మగ్గం గది నుంచి పెరట్లోకి, అరచేత్తో చెంప రుద్దుకుంటూ తిరిగాడు. టీ వేడిగా ఉందని తిట్టాడు, చల్లారిందనీ తిట్టాడు.

చీరలు సేకరించి షాపులకు వేసే వీరేష్ రామాంజులు చీర తీసుకోలేదు. "నాయన వద్దన్నంక నేనేం చేసేది?" అన్నాడు. ఆ మధ్యాహ్నం కొళాయి దగ్గర హనుమక్క బిందె ఠక్కున దించింది. "సోమారం రాయదుర్గం పోతాండాం సునందా. ఆడ జీన్స్ ప్యాంట్లు కుడితే చెంపకు రుద్ది చూసే పెద్దమనుషులు ఉండరంట."

సునంద అన్నం కంచం పక్కకు జరిపింది. రామాంజులు మగ్గం విప్పేలోపు మామ చెంప నున్నబడాలి. తెలుసుకుంటే ఆయనంతట ఆయనే తెలుసుకోవాలి. ఆమె బీకాం చదివింది. రేజర్ల సంగతి బీకాంలో చెప్పలేదు కాబట్టి ఫోను ముందు కూర్చుంది.

అది వేరే లోకం. పెద్దపెద్ద మగవాళ్లు రేజర్లను ఎద్దుల్ని బేరమాడినట్టు మాట్లాడుతున్నారు. ఇది మెతకది, అది దూకుడుది. బ్లేడు అంచు బయటికి ఎంత తొంగిచూస్తుంది, బ్లేడుకూ కింది కమ్మీకీ మధ్య సందు ఎంత, దాన్నిబట్టి దూకుడు. దూకుడుది ఒక్క గీతకు శుభ్రం చేస్తుంది, చెయ్యి వంకర పోతే తోలూ తీస్తుంది. మెతకది నాలుగైదుసార్లు గీయిస్తుంది. వీటికి తోడు బ్లేడు తెలియడం అని ఇంకొకటి: గీస్తున్నప్పుడు అంచు చర్మం మీద ఎక్కడుందో తెలుస్తుందా, తెలియదా. సునంద వంటింటి కత్తిపీటనూ, బీరకాయ చెక్కు తీసే పీలర్‌నూ తలుచుకుంది. విషయం అర్థమైపోయింది.

అర్థమైందనే అనుకుంది. మాత్రలు వేసుకునే మనిషి కదా అని బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో ఉన్నవాటిలోకెల్లా మెతకది తెచ్చింది. ముందు తన ముంజేతి మీద గీసి చూసుకుంది. ఆ నున్నటి పట్టీ చూసి వీరేష్ ఏమైందని అడిగితే, నూనె చిందిందని చెప్పింది.

వీరేష్ చీరల మూటతో బయటికి పోగానే, పెరట్లో పాపన్న ముందు నీళ్ల చెంబు, అద్దం, కొత్త రేజరు పెట్టింది.

"వానికి తెలిస్తే?"

"తెలిస్తే నా వీపు పగులుతాది. నువ్వు గీసుకో మామా."

పాపన్న నురగ పూసుకుని గీశాడు. ముఖం చిట్లించాడు. "ఇది గీసేదా అమ్మాయ్, నిమిరేదా? బ్లేడు యాడుండాదో తెలిసేదే లేదు."

తెలియకపోయేసరికి అదిమాడు. ఇంకా అదిమాడు. మగ్గం మీద దెబ్బ గట్టిగా పడితేనే గుడ్డ గట్టిగా వస్తుందని నమ్మిన చెయ్యి అది. సునంద వద్దు వద్దనేలోపు గడ్డం కింద తోలు ఎర్రబడి, చుక్క నెత్తురు తేలింది. నెత్తురు ఆగేదాకా ఆమె పటిక బిళ్ల అదిమిపెట్టింది. మెతకది క్షేమమనుకోవడం తన పొరపాటేనని అప్పుడు తట్టింది. స్పర్శతో పనిచేసే చేతికి ఏమీ చెప్పని రేజరునిస్తే, చెప్పేదాకా అదుముతుంది.

మర్నాడు మధ్యరకం తెచ్చింది. కాస్త బరువైనది, అంచు కొంచెమే తొంగిచూసేది, గీస్తుంటే సన్నగా గరగరమని వినిపించేది. బ్లేడు కూడా మరీ పదునైనది కాకుండా చూసింది. దాంతోపాటు బెలూన్లు తెచ్చింది.

"ఇవి ఏంటికి? నా పుట్టినరోజా?"

"బెలూనుకు నురగ పూసి గీయి మామా. పగలకుండా గీస్తేనే నీ మొగం నీది."

"థూ! నాకు నేర్పిస్తావా?" అన్నాడు కానీ అందుకున్నాడు. మొదటిది ఢాంమంది. పక్కింటి కోళ్లు లేచిపోయాయి. రెండోది కూడా. పాపన్న మీసాల మీద, సునంద జడ మీద నురగ. "బరువు వేయకుండా ఏ పనన్నా అయ్యేదుండాదా?" అని ఆయన కసిరాడు.

"రేజరు బరువు చాలు మామా. ఊరికె పట్టుకో. అది పోతాంటే నువ్వు ఎనకాల పో."

ఇంకో బెలూను గీస్తుండగా గుమ్మంలో వీరేష్. మూట మరిచిపోయి వెనక్కి వచ్చాడట. తండ్రి చేతిలో రేజరు, పెళ్లాం చేతిలో బెలూను చూసి ఎవరిని ముందు తిట్టాలో తెలియక నిలబడిపోయాడు.

"నీకు బుద్ధుండాదా సునందా? నెత్తురు ఆగకపోతే ఎవరు దిక్కు?"

"అరవద్దప్పా, బెలూను పగులుతాది."

"నవ్వులాటగా ఉండాదా నీకు!"

"నవ్వులాట కాదు. ఈ మనిషి ట్రిమ్మర్ పెట్టిన నాటినుంచి ముగ్గురి చీరలు ఎనక్కి పోయినాయి. అంతకుముందు ఎప్పుడన్నా పోయినాయా? ఆలోచన చేయి." ఆమె గొంతు తగ్గించే అంది, కానీ పాపన్న చెవులకు మందగింపు లేదు. బెలూను మీద ఆయన చెయ్యి ఆగింది. ఒక్క క్షణం. మళ్లీ మెల్లగా కదిలింది. నురగ పోయింది, బెలూను మిగిలింది.

"తే, నేనూ చూస్తా," అని వీరేష్ ఇంకొకటి లాక్కుని గీశాడు. ఢాం.

"పక్కకు జరుగురా," అన్నాడు పాపన్న.

అద్దం ముందు కూర్చున్నాడు. వీరేష్ తువ్వాలు పట్టుకుని, సునంద పటిక పట్టుకుని నిలబడ్డారు. గరగరమని సన్నటి చప్పుడు. చెంప, దవడ, గొంతు. ఆయన చెయ్యి ఇప్పుడు దేన్నీ కొట్టడం లేదు, దారం వెంట పోతున్నట్టు పోతోంది. నెత్తురు లేదు. నీళ్లతో కడుక్కుని అరచెయ్యి ఒకవైపు ఆనించాడు, ఇంకోవైపు ఆనించాడు. సునంద పొయ్యి మీద ఏదో ఉన్నట్టు ముఖం తిప్పుకుంది.

"చెప్పులు యాడ?" అన్నాడు చివరికి.

సునంద పెరుగు గిన్నె ఒకటి చేత పట్టుకుని వెంట నడిచింది. ఒట్టి చేతులతో పోతే వినడానికి వచ్చినట్టుంటుంది. రామాంజులు ఇంట్లో మగ్గం సగం విప్పి ఉంది, కర్రలు గోడకు చేరేసి ఉన్నాయి. హనుమక్క గడపలోనే అడ్డం నిలబడింది.

"ఏం పాపన్నా, ఇంకా యాడన్నా పోగు మిగిలిండాదేమో చూసేకి వచ్చినావా?"

"ఆ చీర తే."

"ఏంటికి? రెండోసారి ఉమ్మేసేకా?"

"తేమ్మా," అన్నాడు ఆయన. ఆ గొంతు విని రామాంజులే లోపలినుంచి చీర తెచ్చాడు. పాపన్న అరుగు మీద కూర్చుని మడత విప్పి, వెనకవైపును చెంపకు ఆనించి లాగాడు. చీర జారిపోయింది. కొంగు, అంచు, ఒళ్లు, ఎక్కడా ఆగకుండా నీళ్లలా జారిపోయింది. ఆయన రెండో చెంపతో కూడా చూశాడు, తీరుబడిగా, మొత్తం. వీధిలో పోయే ఇద్దరు ముగ్గురు ఆగారు. సునంద గిన్నెలోని పెరుగును చూస్తూ నిలబడింది.

పాపన్న చీరను మడతలు చెడకుండా మడిచి, రామాంజులు చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని వదల్లేదు.

"చీరలో ఏమీ లేదప్పా. ఉన్నిందంతా నా మొగంలో ఉన్నింది," అన్నాడు, వీధిలో వాళ్లకు కూడా వినబడేట్టు. "తప్పు నాదే."