నల్ల మచ్చల దూడ

మూడోసారి తాడు జారిపోయింది. దూడ ముందుకాళ్ళు బయటికొచ్చి గంట దాటినా తల రావడం లేదు. మిట్టమధ్యాహ్నం, రేకుల కొట్టంలో ఆవు పక్కకు ఒరిగి, మూలగడానికి కూడా ఓపిక లేక పడి ఉంది. ఆ ఇంటి ఇల్లాలి చేతులు మోచేతుల దాకా నెత్తురు.

"అది ముక్కినప్పుడే లాగాలి బావా. ఆఁ, ఇప్పుడు!" అన్నాడు ఆమె తమ్ముడు, తాడు పట్టుకున్న ఆమె భర్తతో.

చుట్టుపక్కలంతా అతన్ని సూది డాక్టరంటారు. డాక్టరు చదువేమీ లేదు. పాల కంపెనీ తరఫున, ఎదకొచ్చిన ఆవులకు సూది వేసి చూలు కట్టిస్తుంటాడు, అంతే. అక్క ఇంట్లో ఐదావులకూ అతనే వేశాడు. ఏ జాతిది తెచ్చావురా అని ఆమె ఎన్నడూ అడగలేదు. తోడబుట్టినవాణ్ణి ఎవరైనా అడుగుతారా? ఈ ఆవు తల్లి పాలు తాగే వాడు అంతవాడయ్యాడు.

అన్నీ పొట్టి ఎర్రావులు. పూటకు రెండు లీటర్లిస్తే గొప్ప. కానీ ఉన్న ఎకరన్నరలో పండే గడ్డి వాటికి సరిపోతుంది, వాటి పేడ ఆ ఎకరన్నరకూ సరిపోతుంది. దాణా కొట్టు గుమ్మం ఎక్కే పని లేదు. పెద్దజాతి ఆవుల్ని పెంచమని కంపెనీవాళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఆమె వినలేదు.

చివరికి దూడ జారి పడింది. అబ్బో, ఎంత దూడ! ఆమె గోనెపట్టాతో ఒళ్ళు తుడుస్తుంటే తెలుపు మీద నల్ల మచ్చలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆమె చెయ్యి ఆగింది.

"ఇదేంట్రా?"

"పెయ్యదూడే అక్కా."

"నేనడిగింది అది కాదు. ఈ రంగు ఎక్కణ్ణుంచొచ్చింది?"

తమ్ముడు చేతులు కడుక్కునే నెపంతో బకెట్ దగ్గరికి నడిచాడు. "పెద్దజాతిది వేశా. ఆ నెల ముప్పై వేస్తేనే పర్మనెంటు చేస్తామన్నారక్కా. ఇరవైతొమ్మిదే అయ్యాయి."

"ఆ ముప్పయ్యోది నా కొట్టంలో దొరికిందా?"

"చెప్తే ఒప్పుకుంటావా నువ్వు? రేపు ఇది పూటకి పది లీటర్లిస్తే నువ్వే మెచ్చుకుంటావు."

"దానికి మేత ఎవడు వేస్తాడ్రా? నువ్వా, మీ కంపెనీయా?"

"జరిగిందేదో జరిగింది, ఊరుకో. వాడేమన్నా పరాయివాడా?" అన్నాడు భర్త.

"పరాయివాడైతే అడిగే వేయించుకునేదాన్ని. మనవాడనేగా కళ్ళు మూసుకుంది!"

ముగ్గురూ కలిసి ఆవును లేపబోయారు. ముందుకాళ్ళు ఊనింది గాని, వెనక కాళ్ళు రెండూ చెరోవైపుకు జారిపోయాయి. తమ్ముడు దాని గిట్టల సందున గట్టిగా గిల్లి చూశాడు. కాలు కదల్లేదు.

"దూడ పెద్దది కదా, నడుం నరం నలిగినట్టుంది. రెండ్రోజుల్లో లేవచ్చు."

"లేవకపోతే?"

అతను ఆ కాలే ఇంకోసారి గిల్లాడు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. వాడి ముందే, దాచుకోకుండా ఏడ్చింది. ఒక్క మాట అడిగి ఉంటే వద్దనేది, ఈ మూగజీవం గడ్డి తింటూ ఉండేది. ఆ ఒక్క మాటే వాడు అడగలేదు.

తమ్ముడు జేబులోంచి ఫోన్ తీశాడు.

"అక్కా, కోప్పడకు. పుట్టిన ప్రతి దూడకీ ఫొటో పెట్టాలి, లేకపోతే లెక్కలోకి రాదు. దాని పక్కన ఒక్క నిమిషం నిలబడు. కాస్త మొహం కడుక్కుని..."

"ఇప్పుడెందుకురా అవన్నీ?" అని నసిగాడు భర్త.

ఆమె లేచింది. దూడ దగ్గరికి వెళ్ళలేదు. ఆవు ముందు చతికిలబడి, దాని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"దూడతో దిగను. తీస్తే ఇలా తియ్యి."

"అక్కా..."

"తియ్యరా! పంపు మీవాళ్ళకి. ఈరోజు నుంచి నా కొట్టంలో నీ సూదుల సంచీ దిగదని కూడా రాసి పంపు."

తమ్ముడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు గాని నొక్కలేదు. వెనకాల దూడ తూలుతూ లేచి, తల్లి పొట్టను మూతితో పొడుస్తోంది. పొదుగు లేవలేని తల్లి ఒంటి కిందే ఉండిపోయింది.