వేడి మీద ఇత్తడి

కాగుల మేస్త్రి చేతికి ముప్పై ఏళ్లుగా రాగి తప్ప మరో లోహం అలవాటు లేదు. సబ్బుల ఫ్యాక్టరీలకూ అద్దకం షెడ్లకూ మనిషి మునిగేంత రాగి కాగులు చేసేవాడు. దెబ్బలు తిని తిని రాగి మొండికేస్తే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాడు. అంతే, మళ్లీ చెప్పినట్టు వినేది. మనుషులూ అంతేనని ఆయన ఎప్పుడూ అనలేదు గానీ, ఇంట్లో ఆయన పద్ధతి అదే. ముందు మంట, వెంటనే నీళ్లు. అరిచిన నోటితోనే అయిదు నిమిషాల్లో "అన్నం తిన్నావా అమ్మలూ" అనేవాడు. భార్య బతికున్నన్నాళ్లూ అది చెల్లింది. కూతురూ పదిహేడేళ్లపాటు మెత్తబడుతూనే వచ్చింది.

ఎనిమిది నెలల కిందట ఒక సాయంత్రం, "ఆ ఊదుడు ఆపు" అంటూ ఆమె చేతిలోని బాకా లాక్కుని గోడకేసి కొట్టాడు. బాకా వెడల్పాటి మూతి లోపలికి సొట్టపోయింది. అయిదు నిమిషాల తర్వాత పళ్లెంలో అన్నం పెట్టుకుని వెళ్లేసరికి గదిలో పిల్ల లేదు. రెండు వీధుల అవతల మేనమామ ఇంటికి వెళ్లిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం వస్తోంది. ఉండడానికి కాదు, బాకా తీసుకెళ్లడానికి. ఒక బ్యాండులో చేరాలంటే సోమవారం వాయించి చూపించాలట. మేనమామ ఇత్తడి కుళాయిలు పోతపోసే మనిషి. ముందురోజే వచ్చి అడిగాడు.

"నాకిచ్చెయ్ బావా. గంటలో సొట్ట తీసిస్తాను."

"నా చేత్తో పడింది. నా చేత్తోనే పోవాలి."

"అది ఇత్తడి. నీ రాగి కాదు."

"మూడొంతుల్లో రెండొంతులు రాగేగా. మిగిలిన ఒక్క వంతు జింకుకి భయపడమంటావా?"

"ఆ ఒక్క వంతే ఇంట్లో అత్తగారు. ఉండేది ఒక్కరే, నడిచేది మాత్రం ఆవిడ మాట."

మేస్త్రి నవ్వలేదు. బాకా కూడా ఇవ్వలేదు. సొట్ట లేని బాకా కూతురి చేతుల్లో పెట్టాలి. పెడితే ఆ పిల్ల ముఖంలో ఏదో మారుతుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి లోపలికొచ్చి కూర్చుంటుంది. ఎనిమిది నెలలుగా ఆయన ఇంతకుమించి ఏమీ కోరుకోలేదు.

పొద్దున్నే పని మొదలుపెట్టాడు. చెక్క పిడి లోపలికి దూర్చి నొక్కాడు. రాగైతే నొక్కినట్టు ఉండిపోయేది. ఇది బిగుసుకుని, కాస్త వంగి, వదలగానే తిరిగి యథాస్థానానికి వచ్చింది. గోటితో తడితే ఖంగుమంది. రాగి ఎన్నడూ అలా ఎదురు పలకదు. పది గంటలదాకా ఓపిక పట్టాడు. తర్వాత చేతులు వాటంతట అవే కొలిమి వైపు వెళ్లాయి.

మూతి ఎర్రబడుతుంటే తెల్లటి పొగ లేచింది. జింకు పోతోందని తెలుసు. బయటికి తీసి అంచు తుడిచి చూస్తే పసుపు మధ్య రాగి ఎరుపు తేలింది. ఆ రంగు చూసి ఆయన గుండె తేలికపడింది. తనకు తెలిసిన ముఖం కనబడ్డట్టు అనిపించింది. మళ్లీ కాల్చి, ఆ వేడి మీదే సుత్తి వేశాడు. రాగి ఆ వేడిలో వెన్నలా సాగుతుంది. ఇది మూడో దెబ్బకు బిస్కెట్టులా పగిలింది. అంచు నుంచి జానెడు బీట.

పనిబల్ల మీద దాన్ని దాచే చోటు వెతుక్కుంటుండగానే కూతురూ బావమరిదీ వచ్చారు. బావమరిది బీట మీద వేలు రాసి చూశాడు.

"వేడి మీద కొట్టావా?"

"ఊఁ."

"కొంచెంగా వేడిచేసి వదిలెయ్యాలి బావా. పూర్తిగా చల్లారాక ముట్టుకోవాలి. అంతవరకూ ఊరికే కూర్చోవాలి, అంతే."

ఊరికే కూర్చోవడం. ఆ పని తన జన్మలో ఎప్పుడైనా చేశాడా అని మేస్త్రి వెతుక్కున్నాడు. అరిచిన ప్రతిసారీ, ఎదుటి మనిషి ఇంకా వణుకుతుండగానే, తన బరువు దించుకోవడానికి పరిగెత్తాడు. అది ప్రేమేననుకున్నాడు.

కూతురు బాకా అందుకుని ఊదింది. బీటలోంచి జీరగా, చీలిన శబ్దం వచ్చింది. ఆయన తలవంచుకుని ఆమె కోపం కోసం ఎదురుచూశాడు. కోపం వస్తే తర్వాత ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు.

"ఫర్లేదులే నాన్నా," అంది.

"తిట్టమ్మా."

"దేనికి?"

నిజంగానే అడిగింది. ఆ గొంతులో ఎక్కడా ఏమీ బిగబట్టినట్టు లేదు. "బ్యాండు మాస్టారు ఒకటి అరువిస్తానన్నారు. దీన్ని కరిగించుకోమని మామయ్యకిచ్చెయ్. చెయ్యి కాల్చుకున్నావు, మందు రాసుకో."

పక్కింటివాళ్లకు చెప్పినట్టు చెప్పి, చెప్పులు వేసుకుంది. లోపలికి రమ్మనడానికి ఆయన నోరు తెరిచాడు. తనకు తెలిసిన బతిమాలడమంతా కోపం తర్వాతదే. కోపం లేనిచోట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. వీధి మలుపు దగ్గర బావమరిది ఏదో అన్నాడు. ఆమె నవ్వడం వినిపించింది. మామూలు నవ్వే.