జేరే అమ్మకు చెప్పిన క్షమాపణ

జాంబియాలోని చిపాటాలో పెద్ద దుకాణానికి నేను సూపర్‌వైజర్‌ని. బెంబా తెగవాణ్ణి. ఊరంతా అంగోనీలు. తాతల నాడు మా రెండు తెగలూ యుద్ధం చేసుకున్నాయి. యుద్ధం ఆగింది, తిట్లు మిగిలాయి. ఎంత తిట్టుకున్నా తప్పు పట్టకూడదు, వరసకు బావామరదళ్ళం. మాకు వాళ్ళు ఎలుకలు తినేవాళ్ళు, వాళ్ళకు మేం కోతులు తినేవాళ్ళం. నేను మాత్రం నిజంగా కోపంతోనే తిడతాను. వాళ్ళు నవ్వుతారు. నా ఉద్యోగం నిలిచింది అందుకే.

నా భార్య పోయినప్పుడు జేరే అమ్మ అనే అంగోనీ ఆవిడ శవపేటికకు అడ్డంగా పడుకుంది. "ఈ కోతి మా పిల్లకి బతికుండగా ఏమిచ్చాడు? ఇప్పుడైనా ఏదో ఒకటి ఇస్తేగానీ లేవను" అంది. అదీ ఆ వరసలో భాగమే, ఇవ్వక తప్పదు. బూట్లు విప్పి ఇచ్చాను. వట్టి కాళ్ళతో నా భార్యను పాతిపెట్టి వచ్చాను. జేరే అమ్మ ఆ బూట్లు వేసుకునే మా దుకాణానికి వస్తుంది. ఆవిణ్ణి నేను క్షమించలేదు.

నెలాఖరు శనివారం పిండి బస్తా కోసం వచ్చింది.

"ఏం బావా, ఇంకా చావలేదూ?"

"నీ బస్తా ఎవడు మోస్తాడు? ఎలుకలు ఇక్కడ అమ్మం, వెనక సందులో చూసుకో."

జొహన్నెస్‌బర్గ్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు ఫాన్ వైక్ ఈ మాట విన్నాడు. పక్కకు పిలిచాడు.

"ఆవిడకి క్షమాపణ చెప్పు. లేకపోతే ఇంటికి పో."

"ఆవిడ నాకు మరదలు వరస సార్. ఈ లైన్లో వాళ్ళందరూ అంతే."

"అందరూనా?"

"ఊరంతా."

తాగొచ్చానేమోనని నా నోరు వాసన చూశాడు.

ఈ వయసులో నన్ను ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. వెళ్ళి టోపీ తీసి వంగాను. "అమ్మగారూ, తప్పుగా మాట్లాడాను. మన్నించండి. దయచేసి మళ్ళీ రండి."

జేరే అమ్మ చేతిలోని నూనె సీసా జారింది.

"నన్ను అమ్మగారూ అన్నాడు" అంది పక్కావిడతో. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "మీవాడు నన్ను అవమానించాడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నీ కళ్ళ ముందే. నేనేం పరాయిదాన్నా?"

వెళ్ళి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. మిగతా ఆడవాళ్ళు సంచులు దించి ఆవిడ పక్కన వరసగా పడుకున్నారు. లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట.

ఫాన్ వైక్‌కి చెమటలు పట్టాయి. "ఏం కావాలట?"

"తిట్టాలి సార్."

"ఎవరిని?"

"ఆవిణ్ణి."

"అయితే తిట్టు."

"మీరు వద్దన్నారుగా. గట్టిగా చెప్పండి, గుమ్మం దాకా వినబడాలి."

"ఈవిణ్ణి తిట్టవయ్యా" అని అరిచాడు.

"లే, ముసలిదానా" అన్నాను. "బోనులో పడ్డ ఎలుకలా ఉన్నావు. నా బూట్లు నాకు పారేయ్."

జేరే అమ్మ ముఖం విప్పారింది. "ఇంకా ఆ బూట్ల మీదే ఏడుస్తున్నావా?"

"ఏడుస్తున్నాను."

"ఏడువు. ఇవ్వను." కానీ లేవలేదు. ఫాన్ వైక్ కాళ్ళకేసి చూసింది. "పడుకున్నాక ఊరికే లేస్తారా ఎవరైనా?"

ఆయన నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

సాయంత్రం దాకా మేనేజరు మేజోళ్ళతోనే తిరిగాడు. నన్ను ఇంటికి పంపే మాట మళ్ళీ ఎత్తలేదు. తాళాలు వేస్తుంటే దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"తిరిగి ఇస్తుందా?"

"ఇవ్వదు సార్. ఇక మీరు కూడా తిట్టొచ్చు."