చాపలా చుట్టిన ఎండ

పొద్దున షెడ్డు తలుపు ఎత్తగానే సీట్ల బాబాయ్ ముందు చేసే పని గొప్పలు చెప్పుకోవడం. టీ అయినా తర్వాతే.

"నేను కుట్టిన సీటు మీద కూర్చున్నవాడు దిగనని మొండికేస్తే పోలీసులొచ్చి దించారు తెలుసా!" అంటాడు.

"దిగనన్నాడా, జిగురు ఆరక అంటుకుపోయాడా?" అంటుంది ఆయన పెళ్ళాం, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే. ఊరంతా ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తారు.

వాళ్ళిద్దరిదీ కార్ల లోపలి పని. సీట్లు కుడతారు, కార్పెట్లు పరుస్తారు, వాన నీళ్ళు దూరితే ఆరబెడతారు. ఆరబెట్టడంలో మాత్రం వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు, ఒట్టు. ఎందుకంటే ఎండాకాలంలో పెరట్లో పడ్డ ఎండని పిన్ని చాపలా చుట్టి, తాడు కట్టి, అటక మీద పెడుతుంది. వానల్లో తడిసిన కారు వస్తే ఒక కట్ట దింపి లోపల పరుస్తుంది. గంటలో కారు ఎండి గలగల్లాడుతుంది. ఇరుగింట్లో నిచ్చెన అడిగినట్టు "పిన్నీ, ఎండ ఉందా?" అంటూ వస్తారు జనం. ఉన్న చిక్కల్లా ఒకటే. చుట్టేటప్పుడు చూసుకోకపోతే అక్కడున్న నీడలు కూడా చుట్టుకుపోతాయి. ఒకసారి కాకి నీడ ఒకటి కట్టలో చుట్టుకుపోయి, డాక్టరుగారి కారు వెనక సీటుని మూడు రోజులు పొడిచింది.

ఈ ఏడు వాన ఎనిమిది రోజులు ఆగకుండా కొట్టింది. తొమ్మిదో రోజు ఆస్పత్రి నర్సమ్మ తన మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని కారు తెచ్చింది. ఆ మామగారు ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, అందరికీ బస్సు తాత. రిటైరయ్యాక మనవల్ని బడికి దింపి తీసుకురావడమే ఆయన ఉద్యోగం.

తలుపు తీయగానే నీళ్ళు దిగి బాబాయ్ చెప్పుల్లోకి వచ్చాయి.

"మామయ్య ఎప్పుడో అద్దం దించేసి మర్చిపోయుంటారు," అంది నర్సమ్మ. "ఇలాంటివాళ్ళని ఆస్పత్రిలో రోజూ చూస్తాను బాబాయ్ గారూ. ఇలాగే మొదలవుతుంది. ఇంక ఈయనకి కారు ఇవ్వను. పిల్లల ప్రాణాలతో ఆటలా? మూడింటికి డ్యూటీ దిగి వచ్చి కారు నేనే తీసుకెళ్తా."

తాళాలు బాబాయ్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తాత స్టూలు మీద కూర్చున్నాడు.

బాబాయ్ బోల్టులు విప్పి సీటు బయటికి లాగాడు. కార్పెట్ పైన ఉత్త చెమ్మే. ఎత్తి కింద ఉన్న మందపాటి పట్టా పిండితే బకెట్ నిండింది. తడి ఎటునుంచి వచ్చిందా అని వేలుతో తడుముకుంటూ పోతే తలుపు దగ్గర తేలింది. తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. అంతే, నోట్లో గొప్పలన్నీ ఎండిపోయాయి.

అద్దం వెంట తలుపులోకి జారే వాన నీళ్ళు కారులోకి రాకుండా అక్కడొక ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. అది లేదు. ఎండాకాలంలో ఆ తలుపుకి స్పీకరు బిగించింది బాబాయే. కాగితం పీకి, మళ్ళీ అతికిద్దాంలే అనుకున్నాడు. గట్టిగా ఉంది, బాగుంది కదా అని తన స్కూటర్ సీటుకి తొడిగేశాడు. ఎనిమిది రోజుల వానలో ఆ సీటు మీద చుక్క తడి లేదు.

"అద్దం ఎక్కించాననే గుర్తు," అన్నాడు తాత. "హ్యాండిల్ తిప్పినట్టు ఈ చేతికి తెలుసు. కానీ కోడలు చదువుకున్న పిల్ల, నాదే తప్పయ్యుంటుంది. ఇవాళ పళ్ళు తోముకున్నానో లేదో తెలీక రెండుసార్లు తోముకున్నానయ్యా."

"వయసన్నాక మామూలే తాతా," అన్నాడు బాబాయ్. అన్నాక తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది.

మధ్యాహ్నం దాకా పాత పేపర్లు కుక్కాడు, ఫ్యాన్ పెట్టాడు. పట్టా ఇంకా కారుతూనే ఉంది.

"ఎండ తియ్యవేం?" అంది పిన్ని.

"ఒక్క కట్టే మిగిలింది. అట్టిపెడదాం."

"దేనికి, నీ రెండో పెళ్ళికా?" అని తనే అటకెక్కి దింపింది. "ఇందులో నీ నీడుంది, చూసుకో. ఆ రోజు ఈ కారు తలుపే విప్పుతున్నావు. జరగమంటే జరిగావా?"

బాబాయ్ కట్ట మీద చెయ్యి వేసి ఆపాడు. "తాతా, మీరు ఇంటికెళ్ళి పడుకోండి, ఇది తేలేట్టు లేదు," అన్నాడు.

తాత లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మా వీధి కుడికేగా?" అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళు ఆ వీధుల్లోనే బస్సు తిప్పిన మనిషి.

"రండి తాతా, కూర్చోండి," అని బాబాయ్ తాడు విప్పాడు.

ఎండ కారంతా పరుచుకుంది. ఆవిరి లేచింది. తలుపు మీద ఒక నీడ కదిలింది. అదే బొజ్జ, చెవి మీద అదే పెన్సిలు. నీడ తలుపు అట్ట ఊడదీసింది, కాగితం పీకింది, దులిపింది, స్కూటర్ నీడకి తొడిగింది. ముచ్చటపడి రెండుసార్లు తట్టింది కూడా.

తాత వెళ్ళి స్కూటర్ సీటు తడిమి చూశాడు. బాబాయ్ తిట్లకి సిద్ధపడి తల వంచాడు.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట!" అన్నాడు తాత. తువ్వాలుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తిట్టినా బాగుండేది.

"పొద్దున్నే తెలుసా నీకు?" అంది పిన్ని.

"తెలుసు."

ఆవిడ వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ఎండ కరిగిపోయింది, దాంతోపాటే నీడా పోయింది. బాబాయ్ స్కూటర్ మీంచి కాగితం తీసి, అంచులన్నీ వేలితో నొక్కి తలుపుకి అతికించాడు. సీటు బిగించాడు.

"నేను చెబితే కోడలు సాకంటుంది," అన్నాడు తాత.

"నేనే చెప్తాను. మీరు నడపండి," అని బాబాయ్ తాళాలు ఆయనకిచ్చాడు.

మూడింటికి ఆస్పత్రి గేటు దగ్గర మామగారు స్టీరింగ్ పట్టుకుని కనబడేసరికి నర్సమ్మ కేకేయబోయింది. బాబాయ్ దూకినట్టు దిగాడు.

"అమ్మా, అద్దం ఎక్కించే ఉంది. తలుపులో కాగితం నేను కాజేశాను, నీళ్ళు అటునుంచి వచ్చాయి. పొద్దున్నే తెలిసినా మధ్యాహ్నం దాకా చెప్పకుండా ఆయన్ని కూర్చోబెట్టాను."

ఏ కథైనా చేతులూపుతూ చెప్పే మనిషి, ఈ నాలుగు ముక్కలూ నేల చూస్తూ చెప్పాడు.

నర్సమ్మ మామగారి ముఖం వైపు చూడలేకపోయింది. తలుపు తీసి, వంగి, కార్పెట్ కింద దాకా చెయ్యి దూర్చింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"ఆరిపోయింది మామయ్యా," అంది, తలెత్తకుండానే.

"అయితే ఎక్కమ్మా," అన్నాడు తాత. "పిల్లలకి బడి వదిలే వేళయింది."