మోటీని లేపిన రోజు

"చచ్చిందే అది. చీపురు తెచ్చి ఎత్తి పారెయ్," అన్నాడు నరసింగరావు, పేపరు దించకుండానే.

కిటికీల మీద పడ్డ స్టీలు ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము తుడుస్తున్న సత్యవాణి గుడ్డ పడేసి గాజుపెట్టె దగ్గరికి పరిగెత్తింది. మోటీ వెల్లకిలా పడి ఉంది, ఎనిమిది కాళ్ళూ చాపుకుని, కదలకుండా. అరచేతంత సాలీడు. టరాంటులా అంటారట. కూతురు వందన పెళ్ళికి ముందు రాయపూర్‌లో ఉద్యోగం చేస్తూ ముచ్చటపడి తెచ్చుకుంది. మోటీ అని పేరు పెట్టిందీ తనే. అత్తారింట్లో ఉంచనివ్వరని ఇక్కడ రిసాలిలో తల్లి దగ్గరే వదిలి వెళ్ళింది. మొదట్లో "ఛీ, ఆ బొచ్చేటి, ఆ కాళ్ళేటి" అని ముక్కు చిట్లించిన సత్యవాణే ఇప్పుడు పది రోజులకో మిడతను వెతికి తెస్తుంది, చిన్న మూతలో నీళ్ళు పోస్తుంది. ఈ ఇంట్లో రెండోసారి టీ అడగని ప్రాణి అదొక్కటే మరి.

పారేయడానికి చెయ్యి రాలేదు. చెంచా కాడతో నెమ్మదిగా తిప్పి బోర్లా పెట్టింది. "లే తల్లీ, లే" అంది. అది కదిలింది! హమ్మయ్య అనుకునేలోపే చూసింది. పాత తోలు సగం చిట్లి ఉంది. లోపల్నుంచి పాలమీగడలాంటి కొత్త ఒళ్ళు కనిపిస్తోంది. పొట్ట పక్కన, చెంచా తగిలిన చోట, లేత నీలం చుక్క ఊరుతోంది, దాని నెత్తురే కాబోలు.

వెంటనే వందనకి వీడియో కాల్ చేసింది. చరోదా రైల్వే కాలనీలో ఉంటారు వాళ్ళు. అల్లుడు మనోజ్‌కుమార్‌కి యార్డులో ఉద్యోగం. ఫోన్లో వందన వెనకాల కుక్కరు కూస్తోంది.

"అరే, తిప్పేసేవా అమ్మా! అది చావలేదు, కుబుసం విడుస్తోంది. అప్పుడు అలాగే వెల్లకిలా పడుకుంటాయి. కాళ్ళు లోపలికి ముడుచుకుంటేనే పోయినట్టు."

"ఇప్పుడేటి చెయ్యనే?"

"కంగారు పడకు. కార్న్‌ఫ్లోర్ ఉందా? పొడిగా, దూదిపుల్లతో దెబ్బ మీద అద్దు. రుద్దకు. బస్, అంతే."

సత్యవాణి మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి బిగబట్టి అద్దింది. "ఏటే, టిఫిన్ లేదా ఇవాళ? పురుక్కి డాక్టరీ తరవాత చేద్దువుగాని," అని మొగుడు అరిచాడు. ఆమె మళ్ళీ పుల్ల పిండిలో ముంచింది. రెండోసారి అద్దాక ఊట కొంచెం తగ్గింది.

"ఇంక ముట్టుకోకు," అంది వందన. "తిండి వెయ్యకు, పెట్టె కదపకు. గుడ్డ కప్పేసి వదిలెయ్."

"ఎన్నాళ్ళు పడుకుంటుందే అలాగ?"

"దానికెన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. కొత్త తోలు గట్టిపడాలి కదమ్మా. ఈలోగా ఎవరైనా లేపితే..." అని ఆగిపోయింది. "పోన్లే, నీకు తెలీదు కదా." అటు నుంచి ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేసింది.

తెలీదా? సత్యవాణి గాజుపెట్టె మీద గుడ్డ కప్పి అక్కడే కూర్చుంది. కిందటిసారి వచ్చి అత్తారింటికి తిరిగి వెళ్ళే రోజు వందన చెప్పబోయింది కూడాను, "అమ్మా, మోటీ ఎప్పుడైనా తిండి మానేస్తే" అని. "ఆటో వచ్చేసిందే, ఫోన్లో చెప్దువుగాని" అంటూ తనే తోసేసింది. అయిదో నెలలో కడుపు పోయి పుట్టింటికి వచ్చిన పిల్ల. గోడవైపు తిరిగి పడుకుంటే ఎనిమిది రోజులు ఓర్చుకుంది తను, తొమ్మిదో రోజు దుప్పటి లాగేసింది. "ఎన్నాళ్ళు పడుకుంటావే? మీ అత్తగారింట్లో వ్రతం, నలుగురూ ఏటనుకుంటారు? మళ్ళీ పుట్టరేటి పిల్లలు?" అంది. తలంటి, జడ వేసి, చీర కట్టి పంపించింది. నేను లేవలేదా అని గర్వం కూడాను! తనకి పిల్లల ఆపరేషనైన మూడో రోజు కుట్లు లాగుతుంటే తెల్లవారుజామునే లేచి మొగుడికి షిఫ్టు క్యారేజీ సర్దింది. ఆ మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే అత్తగారు గున్నమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటే, ఎవరైనా పోయేరేటి, పగలు చాప పరిచేవు?" అంది. ఆ మాటతో లేచింది లేచిందే. ఈ ముప్ఫై ఏళ్ళలో పగలు నడుం వాల్చి ఎరగదు. ఎంత మండిపోయింది అప్పుడు ఆ ముసలామె మీద! అదే మాట మార్చి తన కూతురికి తనే చెప్పింది. చేతులారా చేసింది.

పదకొండింటికి గుడ్డ ఎత్తి చూసింది. మోటీ కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకుపోయాయి.

"చెప్పేనా, పొద్దున్నే చచ్చిందని," అన్నాడు నరసింగరావు.

"పొద్దున్న చావలేదండి. నేను లేపేక చచ్చింది."

వందనకి ఫోన్ చేసి చెప్పింది. అటు ఊఁ అని వినిపించింది, అంతే. సత్యవాణి ఫోన్ దగ్గరగా పట్టుకుంది. "నిన్నూ అలాగే లేపేసేను, వందనా. వచ్చెయ్యి. వచ్చి పడుకో."

"ఇప్పుడెందుకమ్మా," అంది వందన. "ఎప్పుడో లేచేను కదా."

కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది. సత్యవాణి పర్సు తీసుకుని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే? వంట?"

"పప్పు డబ్బాలో ఉంది, బియ్యం డ్రమ్ములో ఉన్నాయి," అని గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

చరోదాలో ఆటో దిగేసరికి ఎండ మండిపోతోంది. వియ్యపురాలు వరలక్ష్మమ్మ తలుపు తీసి, "ఏటి వదినగారూ, ఫోనైనా చెయ్యకుండా వచ్చేరు?" అంది. లోపల మంచం మీద అల్లుడు నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. అతను లేస్తాడని ఫ్యాను కింద అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. సత్యవాణి మాత్రం గొంతు తగ్గించలేదు.

"మా అమ్మాయి ఒళ్ళు కుదుటపడకుండానే లేపి పంపేసేను వదినగారూ. మీరడిగేరని కాదు, తప్పు నాదే. తీసుకెళ్దామని వచ్చేను. ఎప్పుడు పంపుతానో చెప్పలేను."

వరలక్ష్మమ్మ కొడుకు మంచం వైపు చూసింది. వంటింటి గుమ్మంలో వందన నిలబడి ఉంది, చేతులకి చపాతీ పిండితో. వెనకాల పెనం మీద చపాతీ మాడిన వాసన వస్తోంది.

వందన వెనక్కి తిరిగి స్టవ్ కట్టేసి, పిండి చేతులు కడుక్కుని సంచి సర్దుకోడానికి వెళ్ళింది.